రైడ్లు ఎక్కకుండా డిస్నీ వరల్డ్‌లో రోజంతా గడపడం ఎలా?

ప్రశ్న: కృష్ణాతీరం (టాంపా)

అందరికీ నమస్కారం. మేము టాంపాలో ఉంటాము. మూడేళ్లుగా డిస్నీ వరల్డ్ వార్షిక పాసులు తీసుకుంటున్నాము. కారులో గంటంపావు దూరమే కాబట్టి నెలకు ఒకసారైనా వెళ్తాము. పాపకు తొమ్మిదేళ్లు, బాబుకు ఐదేళ్లు. ఏ రైడ్‌లో ఏ మలుపు దగ్గర ఏమి వస్తుందో ఇద్దరికీ కంఠస్థం. అయినా గేటు దాటగానే మావారు ఫోను తీసి ఏ క్యూ ఎంతసేపో చూడటం, మేము ఆయన వెనక పరుగెత్తడం మామూలైపోయింది. పోయినసారి సాయంత్రం నాలుగింటికే బాబు నేల మీద కూర్చుని ఏడ్చేశాడు. ఇల్లు చేరేదాకా కారులో ఎవరమూ మాట్లాడుకోలేదు.

వచ్చే వారం మా అత్తయ్యగారు, మామయ్యగారు ఒంగోలు దగ్గరి పల్లె నుంచి వస్తున్నారు. మూడు నెలలు ఉంటారు. అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు, పది నిమిషాలకు మించి నిలబడలేరు. మామయ్యగారికి 74 ఏళ్లు, జీవితమంతా వ్యవసాయం చేసిన మనిషి. గిరగిర తిరిగేవి ఆయనకు పడవు. వాళ్లకు పాసులు లేవు. ఒక్క రోజు టికెట్టే మనిషికి వంద డాలర్లు దాటుతుంది. అంత పెట్టి లోపలికి తీసుకెళ్లి బెంచీ మీద కూర్చోబెట్టి మేము క్యూలో నిలబడితే అర్థం లేదు. వాళ్లను ఇంట్లో వదిలి మేము మాత్రం వెళ్లడానికి నాకు మనసొప్పదు.

పరుగు లేకుండా, పెద్దవాళ్లూ పిల్లలూ కలిసి గడపగలిగేవి అక్కడ ఏమైనా ఉన్నాయా? మీరు స్వయంగా చేసినవి చెప్పండి.

జవాబు: గోదావరిగట్టు (ఓర్లాండో)

అమ్మా, మీ ప్రశ్న చూశాక రాయకుండా ఉండలేకపోయాను. నేను రాజమండ్రిలో 31 ఏళ్లు డ్రాయింగు టీచరుగా పనిచేశాను. మా వారు పోయాక ఇక్కడికి మా అమ్మాయి దగ్గరకు వచ్చి ఆరేళ్లయింది. వారానికి ఒక రోజు అమ్మాయి నన్నూ మనవడినీ డిస్నీ దగ్గర దింపుతుంది, సాయంత్రం మళ్లీ వచ్చి తీసుకెళ్తుంది. ఈ ఆరేళ్లలో నేను ఎక్కిన రైడ్లు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అయినా వెళ్లిన ఏ రోజూ వృథా అయిందనిపించలేదు.

డిస్నీ వరల్డ్ అంటే నాలుగు పార్కులే అనుకుంటాము. ఆ స్థలం మొత్తం సుమారు 25 వేల ఎకరాలు. అందులో చెరువులున్నాయి, అడవి ఉంది, ఇరవైకి పైగా హోటళ్లున్నాయి. హోటళ్ల మధ్య తిరిగే మోనోరైలు, పడవలు, బస్సులు, తీగ మీద నడిచే స్కైలైనర్ దేనికీ టికెట్టు లేదు. మీ అత్తమామలకు నేనైతే ముందుగా గేటు బయట ఉన్నవే చూపిస్తాను.

మోనోరైలుతో మొదలుపెట్టండి. మ్యాజిక్ కింగ్‌డమ్ పార్కుకు వెళ్లేవారు కార్లు పెట్టే టికెట్ సెంటర్ దగ్గర కారు పెట్టండి, పాసు ఉన్నవారికి పార్కింగు ఉచితమే. హోటళ్ల దగ్గర ఆగే రైలు ఎక్కండి. పోలినేషియన్, గ్రాండ్ ఫ్లోరిడియన్ హోటళ్లు, మ్యాజిక్ కింగ్‌డమ్ పార్కు, తరువాత కాంటెంపరరీ హోటలు, మళ్లీ మొదటికి. పెద్దవాళ్లను కిటికీ పక్కన కూర్చోబెట్టి ముందు ఒక చుట్టు పూర్తిగా తిప్పండి. కాంటెంపరరీ దగ్గర రైలు హోటలు భవనం లోపలికే దూరి అవతలి వైపు నుంచి బయటికి వస్తుంది. మీ బాబుకు అది చాలు.

రెండో చుట్టులో అక్కడే దిగండి. హాలు మధ్యలో నేల నుంచి పైకప్పు దాకా ఒక పెద్ద గోడ కనిపిస్తుంది. తొంభై అడుగుల ఎత్తు. మేరీ బ్లెయిర్ అనే చిత్రకారిణి చేసిన కుడ్యచిత్రం అది. హోటలు తెరిచిన 1971 నుంచీ అక్కడే ఉంది. అడుగు చదరం పింగాణీ పలకలు 18 వేలు, అన్నిటికీ చేత్తో రంగులు వేసి కాల్చారు. గ్రాండ్ కేన్యన్ కొండలు, అమెరికా ఆదివాసీ పిల్లలు, పక్షులు, మేకలు, పూలు. నేను మొదటిసారి చూసినప్పుడు గంటసేపు కదలలేదు. నారింజ రంగు పక్కనే గులాబీ రంగు పెట్టడానికి మా పిల్లలు భయపడేవారు, నేనూ వద్దనేదాన్ని. ఆమె ధైర్యంగా పెట్టింది, కంటికి ఎక్కడా గుచ్చుకోదు. దగ్గరికి వెళ్తే పలకల అతుకులు కనిపిస్తాయి. నాలుగడుగులు వెనక్కి వస్తే అతుకులు మాయమై పిల్లల ముఖాలు పైకి వస్తాయి. మీ అత్తయ్యగారు అక్కడే సోఫాలో కూర్చుని చూడవచ్చు. రైలు దిగే వేదిక వైపున ఉన్న మేకలలో ఒకదానికి ఐదు కాళ్లున్నాయి. అది ఏదో పిల్లలనే వెతకమనండి, మీరు చెప్పకండి.

చీకటి పడేవేళకు పోలినేషియన్ దగ్గర దిగి చెరువు ఒడ్డున ఇసుకలో కూర్చోండి. మ్యాజిక్ కింగ్‌డమ్ బాణసంచా నీళ్ల మీదుగా కనిపిస్తుంది, దాని సంగీతం ఒడ్డున కూడా వినిపిస్తారు. రాత్రి తొమ్మిది ప్రాంతంలో దీపాల పడవలు వరుసగా వస్తాయి. వాటి మీద పాము, తాబేలు, తిమింగలం అన్నీ చిన్న చిన్న బల్బులతోనే. అదీ 1971 నుంచి సాగుతున్నదే. నాకు తెప్పోత్సవం గుర్తుకొచ్చి ఒళ్లు జలదరించింది.

ఇక మీ మామయ్యగారి కోసం యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్. ఆ హోటలు వెనక గడ్డిమైదానాల్లో జిరాఫీలు, చారల గుర్రాలు తిరుగుతుంటాయి. ఎత్తుగా కట్టిన చోట నిలబడి ఎవరైనా చూడవచ్చు. ఒంగోలు వైపు రైతు అన్నారు కాబట్టి ప్రత్యేకంగా చెబుతున్నాను, అక్కడ అంకోలే అనే ఆఫ్రికా జాతి ఆవులున్నాయి. కొమ్ములు ఒక్కొక్కటి మన చేతికన్నా పొడవు, మొదలు దగ్గర మన తొడంత లావు. మన ఒంగోలు జాతికి పొట్టి కొమ్ములు, పెద్ద మూపురం. పేర్లు దగ్గరగా ఉన్నాయి, రూపాలు మాత్రం ఎక్కడా కలవవు. ఆయనకు జిరాఫీ కంటే ఇవే నచ్చుతాయని నా నమ్మకం. ఎండ ముదరక ముందే వెళ్లండి.

ఆ హోటలుకే రెండో భాగం కిడానీ విలేజ్. అందులో సనా అనే భోజనశాల ఉంది. నాన్, కుల్చా వంటి రొట్టెలు తెప్పించుకుంటే నంజుకోవడానికి తొమ్మిది రకాలు ఇస్తారు. కొత్తిమీర పచ్చడి, చింతపండు పచ్చడి, వెల్లుల్లి పచ్చడి కూడా వాటిలో ఉన్నాయి. కిటికీలోంచి జిరాఫీని చూస్తూ వెల్లుల్లి పచ్చడి నంజుకోవడం నాకు చాలా ఇష్టం. ముందుగా బల్ల బుక్ చేసుకోండి.

ఒక్కటే షరతు. రోజుకు ఒక్క చోటే పెట్టుకోండి. రెండోది కూడా చూద్దామని బయలుదేరితే మళ్లీ పరుగే మొదలవుతుంది.

జవాబు: పాలపిట్ట (కిసిమీ)

గోదావరిగట్టు గారు చెప్పిన తరువాత చూడవలసిన చోట్ల గురించి నేను చేర్చడానికి పెద్దగా లేదు. ఇబ్బంది రాకుండా కొన్ని సంగతులు మాత్రం చెబుతాను.

గదిగాని, భోజనం బుకింగుగాని లేకుండా కారులో నేరుగా హోటలుకు వెళ్తే రద్దీ రోజుల్లో గేటు దగ్గరే వెనక్కి పంపవచ్చు. పాసు ఉంది కదా, యానిమల్ కింగ్‌డమ్ పార్కు పార్కింగులో కారు పెట్టండి. అక్కడినుంచి లాడ్జ్‌కు బస్సు ఉంది. బస్సులు ఆగేది పార్కు గేటు బయటే కాబట్టి పెద్దవాళ్లకు టికెట్టు అవసరం లేదు.

ఇంటి భోజనం తీసుకెళ్లవచ్చు, పార్కుల లోపలికి కూడా అనుమతి ఉంది. గాజు సీసాలు, విడి ఐసు ముక్కలు మాత్రం వద్దు. మేము పులిహోర, పెరుగన్నం స్టీలు డబ్బాల్లో పెట్టుకుని వెళ్తాము. మంచినీళ్లు కొనకండి, పార్కుల్లో పానీయాలు అమ్మే కౌంటర్లలో అడిగితే గ్లాసుతో చల్లటి నీళ్లు ఊరికే ఇస్తారు.

టికెట్ సెంటర్ దగ్గర మోనోరైలు ఎక్కడానికి పొడవైన వాలు ఎక్కాలి. అత్తయ్యగారి కోసం ఇంటి నుంచే మడత చక్రాల కుర్చీ తీసుకెళ్లండి. వేసవిలో మధ్యాహ్నం దాటితే ఉరుములతో వాన పడుతుంది. మెరుపులుంటే పడవలు, స్కైలైనర్ ఆపేస్తారు. ఆ వేళకు ఏదో ఒక హోటలు లాబీలో ఉండేలా చూసుకోండి. నన్ను అడిగితే వైల్డర్‌నెస్ లాడ్జ్. ఊగే కుర్చీలు, ఎనభై అడుగులు దాటిన రాతి పొయ్యి గోడ ఉంటాయి. ఆ రాళ్ల పొరలను కింది నుంచి పైకి గ్రాండ్ కేన్యన్ పొరల వరుసలోనే పేర్చారు.

ఫోర్ట్ వైల్డర్‌నెస్ అనే గుడారాల విడిదిలో గుర్రాల శాల ఉంది, ఊరికే చూడవచ్చు. రాత్రి నెగడు చుట్టూ పాటలు కూడా ఉంటాయి. అక్కడ పిల్లలు కాల్చుకునే మార్ష్‌మాలోలలో జంతువుల నుంచి తీసిన జెలటిన్ ఉంటుంది. మీరు శాకాహారులైతే అది లేనివి ఇంటి నుంచి పట్టుకెళ్లండి.

జవాబు: ఓరుగల్లు (జాక్సన్‌విల్)

పెద్దావిడ మాటల మీద గౌరవంతోనే ఒక అభ్యంతరం చెబుతాను. తొమ్మిదేళ్ల పాపను రోజంతా గోడలు చూడమంటే ఆ పాపకు అన్యాయం జరుగుతుంది. మాకూ ఇద్దరు పిల్లలు. మేము ఒకసారి పూర్తిగా రైడ్లు మానేసి వెళ్లాము, మధ్యాహ్నానికల్లా ఇద్దరి ముఖాలూ వాడిపోయాయి. ఉదయం గేట్లు తెరవగానే మీవారు పిల్లలను తీసుకుని రెండు గంటలు లోపలికి వెళ్లనివ్వండి. ఆ సమయంలో మీరు అత్తమామలతో బయట ఉండండి. పదకొండుకు అందరూ కలుసుకోండి.

లోపల కూడా పరుగు లేనివి ఉన్నాయి. యానిమల్ కింగ్‌డమ్‌లో వైల్డర్‌నెస్ ఎక్స్‌ప్లోరర్స్ అని పిల్లలకు ఒక చిన్న పుస్తకం ఉచితంగా ఇస్తారు. జంతువుల గురించి ఒక్కో పని చేస్తే ఒక్కో స్టిక్కరు. మా అబ్బాయి ఒక గబ్బిలాన్ని ఇరవై నిమిషాలు చూశాడు, అది ద్రాక్షపండును రెక్కతో పట్టుకుని తినడం నాకు చూపించాడు. ఎప్‌కాట్ పార్కులో ఒక్కో దేశం పేరిట మండపాలున్నాయి, వాటిలో అమెరికా మండపం గుండ్రటి హాలులో వాద్యాలు లేకుండా గొంతులతోనే పాడే బృందం ఉంటుంది. గోపురం కింద మధ్యగా కూర్చుంటే వినికిడి బాగుంటుంది. జపాను మండపం దాటాక వచ్చే మొరాకో మండపంలో పలకల పని చేయడానికి ఆ దేశపు రాజు తన పనివాళ్లనే పంపించారు. డ్రాయింగు టీచరు గారు అది చూసే ఉంటారు.

జవాబు: గోదావరిగట్టు

చూశాను బాబూ, చాలాసార్లు. మీ అభ్యంతరం సరైనదే. మా మనవడికి నాలుగేళ్లు, అందుకే తొమ్మిదేళ్ల పాప సంగతి నాకు తట్టలేదు. ఉదయం రెండు గంటలు తండ్రితో పంపడం మంచి పద్ధతి. కలుసుకున్నాక మాత్రం ఫోను సంచిలో పెట్టేయాలి.

కృష్ణాతీరం (మూడు వారాల తరువాత)

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. రెండుసార్లు వెళ్లి వచ్చాము.

మొదటి రోజు ఓరుగల్లు గారు చెప్పినట్టే ఉదయం మావారు, పిల్లలు మ్యాజిక్ కింగ్‌డమ్ లోపలికి వెళ్లారు. నేను పెద్దవాళ్లతో మోనోరైలు ఎక్కాను. రైలు హోటలు లోపలికి దూరినప్పుడు మామయ్యగారు నా చెయ్యి పట్టుకున్నారు. రెండు చుట్లు తిరిగి కాంటెంపరరీలో దిగాము. పదకొండున్నరకు పిల్లలు వచ్చారు. ఐదు కాళ్ల మేకను ముందు పాప వెతికింది, దొరకలేదు. బాబు నాన్న భుజాల మీద కూర్చుని ఒక్కొక్క మేక కాళ్లూ పైకి లెక్కపెట్టాడు. "ఐదు!" అని అరిచిన అరుపుకు హాలులో ఉన్నవాళ్లు తిరిగి చూశారు.

ఎందుకు ఐదు వేశారని పాప అడిగింది. లోపం లేని పని దేవుడిదే కాబట్టి మనిషి చేసినదాంట్లో ఏదో ఒక లోపం ఉంచారని చెప్పుకుంటారని నేను ఎక్కడో చదివినది చెప్పాను. అత్తయ్యగారు అంతసేపూ చక్రాల కుర్చీలోంచి ఆ గోడనే చూస్తున్నారు. "ఇంత అందంగా వేశాక దిష్టి చుక్క పెట్టకుండా ఎట్లా వదులుతారే?" అన్నారు. పాప వెంటనే తన ఫోటోల్లో వెతికి, నెలల పిల్లగా ఉన్నప్పుడు బుగ్గ మీద చుక్క ఉన్న ఫోటో తీసి ఆ మేక పక్కన పట్టుకుని చూసింది.

దీపాల పడవలు చూడలేకపోయాము, ఎనిమిదింటికే బాబు నిద్రపోయాడు. ఈసారి మధ్యాహ్నం పడుకోబెట్టి తీసుకెళ్తాము.

రెండోసారి లాడ్జ్‌కు వెళ్లాము. మామయ్యగారు జిరాఫీని రెండు నిమిషాలు చూశారు. అంకోలే ఆవుల దగ్గర గంటా నలభై నిమిషాలు ఉన్నారు. గంగడోలు చూశారు, నడక చూశారు, ఏది మందకు పెద్దదో మాకు చూపించారు. అక్కడున్న ఉద్యోగిని నా ద్వారా ప్రశ్నల మీద ప్రశ్నలు అడిగారు. ఆ అమ్మాయి ఓపికగా చెప్పింది. తరువాత ఆయన తన ఫోనులో తమ ఒంగోలు ఎద్దు ఫోటో ఆమెకు చూపించి మూపురం మీద వేలు పెట్టారు. ఆమె తన స్నేహితురాలిని కూడా పిలిచి చూపించింది.

రాత్రి ఆ ఆవుల వీడియోను ఊళ్లో ఉన్న తమ్ముడుగారికి పంపారు. పది నిమిషాల్లో జవాబు వచ్చింది, పూటకు ఎన్ని లీటర్లు ఇస్తుందట అని. ఇదొక్కటి అడగడం మరిచిపోయానని మామయ్యగారు అప్పటి నుంచి అంటూనే ఉన్నారు. వచ్చే మంగళవారం మళ్లీ వెళ్తున్నాము.