ఎన్‌సీసీకి ముందు కలకత్తా యూనివర్సిటీలో ఉన్న మిలిటరీ ట్రైనింగ్ గురించి ఎవరికైనా తెలుసా?

విజయనగరం క్యాడెట్:
అందరికీ నమస్తే. డిగ్రీ ఫైనలియర్, ఎన్‌సీసీలో అన్నిటికన్నా పైదైన సీ సర్టిఫికెట్ పరీక్షకి చదువుతున్నా. నోట్స్‌లో 1917 యూనివర్సిటీ కోర్ (విద్యార్థుల సైనిక శిక్షణ దళం), 1920 యూటీసీ (యూనివర్సిటీ ట్రైనింగ్ కోర్), 1942 యూఓటీసీ (యూనివర్సిటీ ఆఫీసర్స్ ట్రైనింగ్ కోర్), 1948 ఎన్‌సీసీ అని నాలుగు ముక్కలు రాసి వదిలేశారు. బట్టీ పట్టడానికి ఓకే గానీ అసలు బ్రిటిష్ వాళ్ళు మన కాలేజీ కుర్రాళ్ళ చేతికి తుపాకులు ఎందుకిచ్చారు? చేరినవాళ్ళు ఆఫీసర్లు అయ్యేవాళ్ళా?

పాత క్యాడెట్:
అవసరం పడి ఇచ్చారు తమ్ముడూ. మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తోంది, సైన్యానికి మనుషులు చాలట్లేదు, 1917లో చట్టం తెచ్చి యూనివర్సిటీ కోర్ మొదలుపెట్టారు, మొదటి బెటాలియన్ కలకత్తాలోనే. చూడు, బెంగాలీలు యుద్ధానికి పనికిరారని ముద్ర వేసింది వాళ్ళే, విప్లవకారులు ఎక్కువని భయపడిందీ ఆ బెంగాల్ గురించే.

నోట్స్‌లో రాయని సంగతి ఒకటుంది, ఆ దళంలో సుభాష్ చంద్రబోస్ కూడా చేశాడు. ఓటెన్ అనే ప్రొఫెసర్ మీద దాడి గొడవలో 1916లో ప్రెసిడెన్సీ కాలేజీ నుంచి బయటికి పంపేశాక స్కాటిష్ చర్చ్ కాలేజీలో చేరాడు. ముందు సైన్యంలోని 49వ బెంగాలీ రెజిమెంట్‌కి వెళ్తే కంటిచూపు బాలేదని తిప్పి పంపారు, ఆ తర్వాత యూనివర్సిటీ దళంలో తీసుకున్నారు. కలకత్తా కోట ఫోర్ట్ విలియం దగ్గర టెంట్లలో క్యాంపు, డ్రిల్లు, ఫైరింగ్ ప్రాక్టీసు. ఆ రోజులు ఎంత ఇష్టంగా గడిచాయో ఆత్మకథలో ఆయనే రాసుకున్నాడు. 1928 కలకత్తా కాంగ్రెస్ మహాసభకి వచ్చేసరికి యూనిఫాం వేసుకుని వాలంటీర్లకి కమాండర్‌గా నిలబడ్డాడు. నాకైతే ఎన్‌సీసీ చరిత్ర అంటే మొదట చెప్పాల్సింది ఇదే అనిపిస్తుంది.

చరిత్ర మాస్టారు:
ఆఫీసర్లు అయ్యేవాళ్ళా అన్నారు కదా, అక్కడే ఉంది అసలు అన్యాయం. 1920లో యూటీసీ అని పేరు మార్చి డ్రెస్సు కూడా సైన్యంలాగే ఇచ్చారు, కవాతు నేర్పారు, అంతవరకే. యూటీసీలో చేశాడు కదా అని ఎవరికీ కమిషన్, అంటే ఆఫీసర్ హోదా, చేతికి రాలేదు. అప్పట్లో మనవాళ్ళకి కింగ్స్ కమిషన్ కావాలంటే ఇంగ్లండ్‌లో శాండ్‌హర్స్ట్ మిలిటరీ కాలేజీకి పోవాలి, మొదట్లో ఏడాదికి 10 సీట్లు ఇచ్చారు, దేశం మొత్తానికీ! ఆఫీసర్లకి శిక్షణ ఇచ్చే డెహ్రాడూన్ మిలిటరీ అకాడమీ 1932 దాకా లేదు. 1942లో పేరులో ఆఫీసర్స్ అని చేర్చి యూఓటీసీ చేశారు గానీ యుద్ధకాలంలో అది అనుకున్నంత ఫలితం ఇవ్వలేదు. అందుకే 1946లో హెచ్.ఎన్. కుంజ్రూ కమిటీ వేశారు, వాళ్ళ సిఫార్సుల మీదే 1948 జూలై 15న ఎన్‌సీసీ పుట్టింది. మరుసటేడు అమ్మాయిల డివిజన్ కూడా వచ్చింది.

సికింద్రాబాద్ అక్క:
ఇంకోటి, చైనా యుద్ధం తర్వాత 1963 నుంచి కాలేజీల్లో ఎన్‌సీసీ కంపల్సరీ, 1968లో మళ్ళీ ఇష్టమున్నవాళ్ళకే అన్నారు. మద్రాసులో ఆఫీసర్స్ ట్రైనింగ్ స్కూల్ పెట్టింది కూడా 1963లోనే, ఇప్పటి ఓటీఏ (ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీ) అదే. తమ్ముడూ, సీ సర్టిఫికెట్‌లో కనీసం బీ గ్రేడ్ తెచ్చుకో, డిగ్రీలో 50 శాతం తగ్గనివ్వకు, సైన్యంలో ఆఫీసర్‌గా చేరడానికి ఎన్‌సీసీ వాళ్ళకున్న స్పెషల్ ఎంట్రీలో రాతపరీక్ష లేకుండా షార్ట్‌లిస్ట్ అయితే నేరుగా ఎస్ఎస్‌బీ (సర్వీసెస్ సెలక్షన్ బోర్డు) ఇంటర్వ్యూకే పిలుస్తారు. అమ్మాయిలకీ ఉంది, మీ బ్యాచ్‌లో వాళ్ళకి తప్పకుండా చెప్పు.

విజయనగరం క్యాడెట్:
అన్నా, అక్కా, మాస్టారూ చాలా థాంక్స్. బోస్ సంగతి అస్సలు తెలీదు, ఇప్పుడే మా యూనిట్ గ్రూపులో పెడుతున్నా. మాస్టారూ, కుంజ్రూ కమిటీ రిపోర్టు చదవడానికి ఎక్కడైనా దొరుకుతుందా?