పెరటి చెట్టులో పిట్ట గూడు: ఫొటో తీయవచ్చా, తీయకూడదా?

పానగల్లు వాసి, నల్లగొండ

మా పెరట్లోని దానిమ్మ చెట్టుకు, నా భుజం ఎత్తున వంగిన కొమ్మకు, తేనెపిట్ట గూడు కట్టింది. ఎండుటాకులు, బెరడు పీచు, సాలీడు దారాలు కలిపి అల్లిన ఆ చిన్న సంచిని మొదట గాలికి చిక్కుకున్న చెత్త అనుకొని దులిపేయబోయాను. పక్కనున్న రంధ్రంలో నుంచి సన్నని వంపు ముక్కు బయటకు రావడంతో చెయ్యి వెనక్కు తీసుకున్నాను. మగపిట్ట ఎండలో నీలం, ఊదా కలిసి మెరిసే నల్లనిది. గూట్లో కూర్చునేది మాత్రం పైన మట్టిరంగు, కింద పసుపు ఉన్న ఆడపిట్ట. వంటింటి కిటికీ నుంచి గూటికి నాలుగు మీటర్లకు మించి దూరం లేదు. దూరంలోని వాటిని దగ్గరగా చూపే నా 100–400 లెన్సుకు ఇంతకన్నా మంచి అవకాశం రాదనిపించింది.

అయితే గూటి ముఖానికి అడ్డంగా రెండు రెమ్మలు ఉన్నాయి. వాటిని కోయకుండా నూలుదారంతో పక్కకు లాగి కట్టి, ఇంట్లోకి వచ్చి కిటికీ దగ్గర నిలుచున్నాను. ఐదు నిమిషాల్లో పిట్ట తిరిగి వచ్చి గూట్లో కూర్చుంది. ఇరవై నిమిషాల పాటు ఫొటోలు తీసి దారం విప్పేశాను. వాటిని మా మిత్రబృందంలో పెట్టగానే చాలామంది మెచ్చుకున్నారు కానీ, ఒక పెద్దాయన మాత్రం వడిసెల పట్టినవాడికీ గూటి ముందు కెమెరా పట్టినవాడికీ తేడా లేదన్నారు. ఆ మాట నాకు గుచ్చుకుంది. చెట్టు నాది, కిటికీ నాది, పిట్టకు ఏమీ కాలేదు. ఇందులో తప్పెక్కడుందో మీరే చెప్పాలి.

దేవరకొండ స్టూడియో

తప్పు లేదు. తేనెపిట్ట అడవిని వెతుక్కుంటూ పోయే పక్షి కాదు; వరండాలో వేలాడే కరెంటు తీగకు సైతం గూడు కట్టుకుంటుంది. దర్జీ పిట్ట బోరింగు పక్కన ఉన్న వంకాయ ఆకులను కుట్టుకొని పిల్లలను పెంచుతుంది. ఆ చెట్టు కిందే ఇంటి ఆడవాళ్లు బట్టలు ఆరేస్తారు, పిల్లలు ఆడుకుంటారు. వాళ్లను ఎవరూ తప్పుపట్టరు, కెమెరా కనబడగానే మాత్రం ధర్మశాస్త్రం విప్పుతారు.

ఇంకొక మాట. 1930ల ఆరంభంలో పక్షిశాస్త్రవేత్త సలీం అలీ హైదరాబాద్ సంస్థానంలో పక్షుల సర్వే చేసినప్పుడు, ఆనాటి పద్ధతి ప్రకారం పక్షులను తుపాకీతో కొట్టి నమూనాలుగా సేకరించేవారు. ఆ తుపాకీ స్థానంలోకే నేడు కెమెరా వచ్చింది. నల్లగొండలో పుట్టి పెరిగిన పిల్లవాడికి పిచ్చుక, కాకి, పాలపిట్ట తప్ప నాలుగో పేరు తెలియని కాలంలో, గూట్లో కూర్చున్న తేనెపిట్ట ఫొటో చేసే పని ఏ పాఠమూ చేయలేదు.

పాలమూరు సారు, మహబూబ్‌నగర్

దేవరకొండ వారి మొదటి వాదనతోనే నాకు పేచీ ఉంది. బట్టలు ఆరేసే మనిషి పిట్టను చూడదు. తన పని చూసుకొని వెళ్లిపోతుంది. ఫొటో తీసేవాడు కదలకుండా నిలబడి, ఇరవై నిమిషాలు గూటివైపే చూస్తాడు. పిట్ట లోకంలో అలా చూసేది పిల్లి.

రెండోది ఆ రెమ్మల సంగతి. అవి కెమెరాకు అడ్డం, గూటికి నీడ. మన జిల్లాల్లో ఏప్రిల్ ఎండ నలభై డిగ్రీలు దాటడం వింత కాదు, గుడ్డులోని పిండం తట్టుకోగలిగే వేడికి పైహద్దు కూడా ఇంచుమించు అక్కడే ఉంటుంది. మీరు వర్ణించిన తేనెపిట్టల్లో పొదిగేది ఆడది ఒక్కటే. మగది తరువాత పిల్లలకు మేత తెస్తుంది గానీ గుడ్ల మీద కూర్చోదు. సాధారణంగా రెండే గుడ్లు, పొదుగు సుమారు రెండు వారాల పైచిలుకు. ఆ రోజుల్లో తల్లి బయట గడిపే ప్రతి అదనపు నిమిషానికీ లెక్క ఉంటుంది.

"చెట్టు నాది" అనే మాట చట్టం ముందు నిలవదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం "వేట" అనే పదాన్ని నిర్వచించేటప్పుడు చంపడం, పట్టడంతో ఆగలేదు. అడవి పక్షుల గుడ్లను పాడుచేయడాన్ని, గుడ్లను గానీ గూళ్లను గానీ కలవరపెట్టడాన్ని కూడా అందులోనే చేర్చింది. 2022లో ఆ చట్టాన్ని సవరించి షెడ్యూళ్లను, అంటే చట్టం చివర ఉండే జాబితాలను, ఆరు నుంచి నాలుగుకు కుదించినా, ఈ సూత్రం మారలేదు. ఫొటో తీయడం వేట అని చట్టం అనలేదు. రెమ్మను లాగి కట్టడం కలవరపెట్టడం అవునా కాదా అన్నదే ప్రశ్న, అవునని నా అభిప్రాయం.

మా బడిలో బోగన్‌విలియా పొదలో పికిలిపిట్ట గూడు పెట్టింది. పిల్లలకు చూపించాలన్న ఉత్సాహంతో గంటకొక తరగతిని తీసుకెళ్లింది నేనే. మూడో రోజు కాకి గూడు ఖాళీ చేసింది. మేము తొక్కిన దారే కాకికి దారి చూపిందని నేను రుజువు చేయలేను. కానీ ఆ తరువాత ఏ గూటి దగ్గరికీ తరగతిని తీసుకెళ్లలేదు.

మిర్యాలగూడ మేడతోట

కారు నిలపడానికి చోటు లేదని మా వీధిలో నిండు వేపచెట్టును గూళ్లతో సహా కొట్టేశారు. అప్పుడు ఎవరూ ఏ నిర్వచనమూ చదవలేదు. రెండు రెమ్మలకు ఇంత పెద్ద తీర్పా?

దేవరకొండ స్టూడియో

సారు చెప్పినంత ప్రమాదమే ఉంటే పిట్ట ఐదు నిమిషాల్లో తిరిగి వచ్చేది కాదు. పైగా తేనెపిట్ట గూడు దొప్పలా తెరిచి ఉండదు, దానికి కప్పు ఉంటుంది, ద్వారం మీద చిన్న చూరు కూడా ఉంటుంది. పది మీటర్ల దూరం అని ఒక నియమం పెట్టుకుంటే సరిపోతుంది కదా?

పాలమూరు సారు, మహబూబ్‌నగర్

తిరిగి రావడం అంగీకారం కాదు. గుడ్లున్న తల్లి భయం ఉన్నా వస్తుంది, పొదుగు ముదిరేకొద్దీ ఇంకా మొండిగా వస్తుంది. కప్పు ఉన్న మాట నిజమే, అయితే నేరుగా ఎండ పడితే కప్పున్న సంచి కూడా కాగుతుంది.

మీటర్లతో కొలిచే నియమం మీద నాకు నమ్మకం లేదు, ఎందుకంటే రోజూ మనుషులు తిరిగే పెరట్లో నాలుగు మీటర్లు చాలు, ఊరి బయట కంపచెట్టులో ఇరవై మీటర్లు కూడా చాలవు. కొలవవలసింది పిట్ట ప్రవర్తనను. ముక్కున పురుగు పట్టుకొని గూట్లోకి పోకుండా కొమ్మ నుంచి కొమ్మకు గెంతుతూ ఉంటే, దర్జీ పిట్ట తోక నిక్కించి ఆపకుండా అరుస్తూ ఉంటే, కారణం మీరే, అప్పుడు లేచి రావాలి. ఎగరడానికి ఒకటి రెండు రోజులే ఉన్న పిల్లల దగ్గరికి అసలు వెళ్లరాదు. బెదిరితే రెక్క బలపడకముందే దూకేస్తాయి, కింద పిల్లి ఉంటుంది.

వనపర్తి పెరడు

ఒక సందేహం. మా అబ్బాయి ఫోనులో దర్జీ పిట్ట కూతను వినిపించి దాన్ని కిటికీ ముందున్న జామకొమ్మ మీదికి రప్పిస్తున్నాడు. గూడు జోలికి పోవడం లేదు కనుక ఇది మేలైన పద్ధతేనా?

పాలమూరు సారు, మహబూబ్‌నగర్

కాదమ్మా, జతకట్టే కాలంలో అది రెమ్మ కట్టడం కన్నా చెడ్డది. తన హద్దులోకి ఇంకో మగది వచ్చిందనుకొని ఆ పిట్ట కొట్లాటకు వస్తుంది, మేత వెతకవలసిన సమయాన్ని లేని శత్రువు కోసం ఖర్చు చేస్తుంది. ఫోను మాన్పించి, సాయంత్రం జామ ఆకుల మీద పైపుతో నీళ్లు చల్లించండి. తేనెపిట్టల వంటి చిన్న పిట్టలు తడి ఆకుల మీద ఒళ్లు రాసుకొని స్నానం చేస్తాయి. దూరంగా కూర్చొని ఎంతసేపైనా తీసుకోమనండి.

పానగల్లు వాసి, నల్లగొండ

నిన్న రాత్రి ఆ ఇరవై నిమిషాల ఫొటోలను తీసిన సమయం ప్రకారం వరుసగా పెట్టి చూశాను. దారం కట్టింది పొద్దున పదకొండున్నరకు. మొదటి ఫొటోల్లో ముక్కు మూసి ఉంది. పదో నిమిషం నుంచి చివరి దాకా ప్రతి ఫొటోలోనూ ముక్కు తెరిచే ఉంది. అది పాడుతోందనుకొని అందులో మంచిదాన్ని ఏరి, పైన "గానం" అని పేరు కూడా పెట్టాను. ఎండకు మా కోళ్లు కూడా అలాగే నోరు తెరుస్తాయని అప్పుడు తట్టలేదు. ఆ ఫొటోను బృందంలో నుంచి తీసేశాను.

నేను వడిసెల పట్టినవాడినని మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను. కిటికీకి పాత చీర అడ్డం కట్టి, లెన్సు పట్టేంత సందు వదిలి, కెమెరాను గూటివైపు కాక ఎదురుగా ఉన్న మందారం వైపు తిప్పాను. పిట్ట అక్కడికి తప్పకుండా వస్తోంది. పువ్వు ముఖం నుంచి కాక తొడిమ దగ్గర పక్కన పొడిచి తేనె తాగుతోంది. గాలిలో నిలిచినప్పుడు షట్టర్ వేగం 1/1000 సెకను పెట్టినా రెక్కలు చెదిరిపోతున్నాయి. దేవరకొండ వారు దీనికి ఉపాయం చెప్పగలరా?

దేవరకొండ స్టూడియో

1/3200కు తక్కువ పెట్టకండి, ఐఎస్‌ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) పెరిగినా వెనుకాడకండి. నీడలో ఉన్న పువ్వును వదిలి, పొద్దున ఏడు గంటల ఎండ పక్క నుంచి పడే పువ్వును ఎంచుకొని, దాని తొడిమ మీద ముందే ఫోకస్ పెట్టుకొని కూర్చోండి. నోరు తెరిచిన ఆ ఫొటోను చెరిపేయకుండా నాకు పంపండి. నా దగ్గర నేర్చుకునే కుర్రాళ్లకు చూపించాలి.