సండే స్కూల్ టీచర్లు ఒక్కొక్కరే మానేస్తున్నారు, ఎలా ఆపాలి?

కొత్త కోఆర్డినేటర్:
అందరికీ వందనాలు. మా చర్చిలో ఆదివారం పిల్లలకు బైబిల్ పాఠాలు చెప్పే సండే స్కూల్ బాధ్యత నాకు అప్పగించి ఎనిమిది నెలలైంది. అప్పుడు పదకొండు మంది టీచర్లు ఉండేవాళ్లు, ఇప్పుడు ఆరుగురే. ఎవరూ గొడవపడి వెళ్లలేదు, నాకు ఎక్కువ బాధ అదే. "ఈ నెల కుదరదు బ్రదర్" అంటారు, వచ్చే నెల ఫోన్ ఎత్తరు. అందరినీ ముందుకు పిలిచి, చప్పట్లు కొట్టించి, తలా ఒక జ్ఞాపిక కూడా ఇచ్చాం. అది అందుకున్న రెండు వారాలకే ఇద్దరు మానేశారు. ఇంకేం చేయాలి?

మాజీ టీచర్:
బ్రదర్, అలా మానేసినవాళ్లలో నేనూ ఒకదాన్ని, కాబట్టి ఉన్నదున్నట్టు చెప్తాను. నాలుగైదేళ్ల పిల్లల క్లాసు, ఇరవై రెండు మంది, నేనొక్కదాన్నే. మూడేళ్లలో కూర్చుని పూర్తిగా విన్న ప్రసంగాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పాఠం శనివారం రాత్రి పదింటికి వాట్సాప్‌లో వచ్చేది, ఇక దానికి బొమ్మలెప్పుడు గీయాలి, యాక్షన్ సాంగ్ ఎప్పుడు నేర్చుకోవాలి? అవన్నీ ఓర్చుకున్నాను. కానీ మొదట్లో అమ్మ కొంగు వదలకుండా ఏడ్చే ఒక పాప, ఏడాది తిరిగేసరికి లేచి నిలబడి తన మాటల్లో తనే ప్రార్థన చేసింది. ఆ రోజు ఎవరికైనా చెప్పుకోవాలని ఎంత అనిపించిందో! ఆ గది తలుపు తీసి చూసినవాళ్లు మూడేళ్లలో ఒక్కరూ లేరు. నేను మానేస్తానన్నప్పుడు మొదట వచ్చిన ప్రశ్న, "మరి మీ బదులు ఎవరు?"

ఒక సభ్యుడు:
బాధ అర్థమవుతోంది సిస్టర్, కానీ పరిచర్య దేవుని కోసం చేస్తాం కదా. మనుషుల మెప్పు కోసం చూస్తే ఎలా? కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదని ప్రభువే చెప్పాడు.

పాత సూపరింటెండెంట్:
బ్రదర్, ఆ మాట ధర్మం చేసేవాడికి చెప్పింది. పక్కన నిలబడి చూసేవాళ్లు నోరు మూసుకోవాలని దానర్థం కాదు. బైబిల్లో రోమా పత్రిక, అంటే పౌలు రోమాలోని విశ్వాసులకు రాసిన ఉత్తరం, 16వ అధ్యాయం తీయండి, ఒక్కొక్కరి పేరు పెట్టి వందనాలు చెప్తాడు. మరియ మీ కోసం చాలా కష్టపడిందని, అకుల ప్రిస్కిల్లా నా ప్రాణం కోసం తమ ప్రాణాలకు తెగించారని, ఎవరు ఏం చేశారో విడిగా చెప్తాడు. అందరికీ కలిపి ఒక్క థాంక్స్ చెప్పి ఊరుకోలేదు.

కోఆర్డినేటర్ గారూ, వారానికో క్లాసులో పది నిమిషాలు వెనక కూర్చోండి. తనిఖీకి వచ్చినట్టు కాకుండా, ఊరికే. అక్కడ చూసింది ఆ రోజే చెప్పండి: "ఆ బాబు మూడుసార్లు లేచి పరిగెత్తినా మీరు విసుక్కోలేదు, చూశాను" అని. పొరపాటు కనిపిస్తే మాత్రం గ్రూపులో పెట్టకండి, విడిగా మాట్లాడండి.

రెండోది, ఏ గదిలోనూ ఒక్క టీచర్ ఉండకూడదు. పిల్లల భద్రతకు అది ఎలాగూ తప్పనిసరి, పైగా ఒకరికి జ్వరమొచ్చినా క్లాసు ఆగదు. మనుషులు సరిపోకపోతే రెండు క్లాసులు కలిపేయండి. ప్రతి టీచరుకీ నెలలో ఒక ఆదివారమైనా పెద్దల ఆరాధనలో కూర్చునే వీలుండాలి. పాఠం మంగళవారానికల్లా చేతిలో ఉండాలి. ఇవన్నీ మీరొక్కరే మోయకండి, లేకపోతే తర్వాత మానేసేది మీరే. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్కడే తీర్పు చెప్తున్న మోషేకి మామ యిత్రో ఇచ్చిన సలహా బైబిల్లోనే నిర్గమకాండం 18వ అధ్యాయంలో ఉంది, వందమందికి, యాభైమందికి, పదిమందికి కూడా ఒక్కో నాయకుణ్ణి పెట్టమన్నాడు.

చరిత్ర చదివేవాణ్ణి:
ఒక్క మాట. 1780లో ఇంగ్లండ్‌లోని గ్లోస్టర్‌లో రాబర్ట్ రైక్స్ సండే స్కూల్ పెట్టినప్పుడు టీచర్లకు డబ్బులిచ్చేవాడు. జీతం లేకుండా చెప్పడం తర్వాత వచ్చింది. మనవాళ్లు ఊరికే చెప్పడమే కాక రంగు కాగితాలు, స్కెచ్ పెన్నులు కూడా సొంత డబ్బుతో కొంటున్నారు. ముందు ఆ ఖర్చు సంఘం భరించాలి.

కొత్త కోఆర్డినేటర్:
అందరికీ కృతజ్ఞతలు. సిస్టర్, మీరు రాసింది చదివి, మానేసిన ఒకావిడకు ఫోన్ చేశాను. తిరిగి రమ్మని అడగలేదు, మీ క్లాసు పిల్లల గురించి చెప్పండి అన్నాను, అంతే. నలభై నిమిషాలు మాట్లాడారు. ఏ పిల్లాడు ఇంట్లో గొడవల వల్ల ముభావంగా ఉంటాడో, ఎవరికి చదవడం రాక కంఠత వాక్యం అప్పజెప్పమంటే సిగ్గుపడతారో, నాకు ఒక్కటీ తెలియదు. ఇన్ని నెలలూ హాజరు పట్టిక మాత్రమే చూశాను. ఈ ఆదివారం పెద్ద పిల్లల క్లాసులో సహాయకుడితో పాటు నేను ఉంటాను, అక్కడి టీచర్ వెళ్లి ఆరాధనలో కూర్చుంటారు. ఆమెతో ఆ మాట చెప్తే, "నిజంగానా?" అని రెండుసార్లు అడిగారు.