లైట్‌రూమ్‌కి చందా కట్టాలా, డార్క్‌టేబుల్ నేర్చుకోవాలా?

నీలిపిట్ట:
అందరికీ నమస్కారం. మాది గుంటూరు. సెలవు రోజుల్లో ఉప్పలపాడు చెరువు దగ్గర పక్షుల ఫోటోలు తీస్తుంటాను. అమ్మడానికి కాదు, పోటీలకూ కాదు. నచ్చినవి ప్రింటు వేయించి ఇంట్లో పెట్టుకుంటాను. ఇన్నాళ్లూ జేపెగ్‌లోనే తీసేవాణ్ణి, ఈ మధ్యే రా ఫైళ్లు (కెమెరా దిద్దకుండా ఇచ్చే ముడి ఫైళ్లు) మొదలుపెట్టాను. వాటిని దిద్దడానికి ఆఫీసులో మిత్రులందరూ అడోబీ కంపెనీ వారి లైట్‌రూమ్ తీసుకోమంటున్నారు, దానికి చందా కట్టాలి. మా బావమరిది మాత్రం డబ్బు తగలేయవద్దు, ఉచితంగా దొరికే డార్క్‌టేబుల్ వాడమంటున్నాడు. ఒకే ఎర్రకాళ్ల కొంగ ఫోటోను రెండింటిలోనూ తెరిచి చూశాను. లైట్‌రూమ్‌లో బాగానే కనిపించింది. డార్క్‌టేబుల్‌లో రంగులు వెలిసిపోయినట్టున్నాయి. నా లాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామ్ ఉంది, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. నాలాంటివాడు దేని మీద కాలం పెట్టాలి?

ఆల్బమ్ మాస్టారు:
నీలిపిట్ట గారూ, మీ ప్రశ్నలోనే జవాబుంది. ఒకదానిలో ఫోటో తెరవగానే బాగుంది, రెండోదానిలో బాగా లేదు. ఇంకా ఆలోచన దేనికి?

తెనాలిలో చాలా ఏళ్లుగా స్టూడియో నడుపుతున్నాను. లైట్‌రూమ్ మొదటి వెర్షన్ 2007లో వచ్చింది. అప్పటి నుంచి పెళ్లిళ్ల పనంతా దాని మీదే. ఎక్కడైనా ఆగిపోతే తెలుగులోనే వీడియో దొరుకుతుంది, పక్క వీధి స్టూడియోవాణ్ణి అడిగినా చెబుతాడు. 2021లో ఆకాశాన్ని, ఫోటోలో ముఖ్యమైనదాన్ని దానంతటదే ఎంచుకుని ఆ భాగాన్నే దిద్దనిచ్చే మాస్కులు వచ్చాయి. 2023లో నాయిస్ (ఫోటోలో కనిపించే గరుకు చుక్కలు) తీసే కొత్త పద్ధతి వచ్చింది. పొద్దున్నే మసక వెలుతురులో ఐఎస్ఓ, అంటే కెమెరా సున్నితత్వం, పెంచి పక్షులను తీసేవారికి దానికి మించిన సాయం లేదు. మీకు దొరికేది ఆదివారం ఒక్కటే. దాన్ని ఫోటోలు తీయడానికి వాడుకోండి, సాఫ్ట్‌వేర్‌తో కుస్తీకి కాదు.

సర్కారు ఎక్స్‌ప్రెస్:
ఫోటోలు దిద్దడానికి గింప్ అనే సాఫ్ట్‌వేర్ చాలు. ఉచితం.

చీకటిగది:
గింప్ మంచిదే, కానీ రా ఫైలును అది నేరుగా తెరవదు. డార్క్‌టేబుల్‌కో, రాథెరపీ అనే ఇంకో రా సాఫ్ట్‌వేర్‌కో అప్పగిస్తుంది. అడిగింది రా ఫైళ్ల గురించి.

నీలిపిట్ట గారూ, ఆ వెలిసిపోయిన రంగుల సంగతి ముందు తేల్చుకుందాం. చాలామంది డార్క్‌టేబుల్‌ను తీసేసేది అక్కడే. రా ఫైలులో ఉండేది సెన్సరు కొలిచిన వెలుతురు మాత్రమే. కెమెరా వెనుక తెర మీద మీరు చూసేది కెమెరా కంపెనీ తన రుచికి కాంట్రాస్టు, రంగు కలిపి తయారుచేసిన జేపెగ్. లైట్‌రూమ్ కూడా తెరవగానే తన సొంత వంట ఒకటి వడ్డిస్తుంది. డార్క్‌టేబుల్ ఆ పని మీకు వదిలేస్తుంది. ఎక్స్‌పోజర్ స్లైడరును కొంగ ఒళ్లు సరిగ్గా కనిపించేదాకా పెంచండి. తెల్ల ఈకలు వివరం పోయి మరీ తెల్లబడుతున్నా ఆ దశలో పట్టించుకోవద్దు. తర్వాత సిగ్మాయిడ్ మాడ్యూల్‌లో (డార్క్‌టేబుల్‌లో ఒక్కో పనిముట్టును మాడ్యూల్ అంటారు) కాంట్రాస్టు కొంచెం పెంచండి, ఆ ఈకలు మళ్లీ అదుపులోకి వస్తాయి. చివరగా కలర్ బ్యాలెన్స్ ఆర్‌జీబీ మాడ్యూల్‌లో రంగు చిక్కదనం. ఈ మూడూ చేతికి అలవాటైతే సగం పని అయిపోయినట్టే.

ఇక డబ్బు మాట. 2013లో అడోబీ తన ప్రధాన సాఫ్ట్‌వేర్‌లను ఒక్కసారి కొనుక్కునే పద్ధతికి స్వస్తి చెప్పింది. లైట్‌రూమ్‌కు మినహాయింపు ఉండేది. 2015లో వచ్చిన ఆరో వెర్షన్‌తో అదీ ఆగిపోయింది. చందా ఆపిన రోజు మీరు దిద్దుకున్న ఫోటోలన్నీ తాళం పడ్డ గదిలో ఉంటాయి.

ఆల్బమ్ మాస్టారు:
అది నిజం కాదు, కొత్తవారిని భయపెట్టవద్దు. చందా ఆగిపోయినా లైట్‌రూమ్ క్లాసిక్‌లో లైబ్రరీ తెరుచుకుంటుంది. ఫోటోలు చూసుకోవచ్చు, అప్పటిదాకా దిద్దినవి దిద్దినట్టు ఎక్స్‌పోర్ట్ చేసుకోవచ్చు. ఫోటోలు దిద్దే డెవలప్ విభాగం, మ్యాప్ పనిచేయవు.

చీకటిగది:
చూసుకోవచ్చు, డెవలప్‌లో మార్చుకోలేరు. నేనన్నది అదే.

ఆల్బమ్ మాస్టారు:
మీరన్నది తాళం పడ్డ గది అని. పైన ఉంది, చదువుకోండి.

గోదారిగట్టు:
ఇద్దరికీ ఒక మాట. ఫోటోషాప్‌లో తెలుగు రాస్తే వత్తులు విడిపోతున్నాయి. గింప్‌లో అలా కావడం లేదు. నేను అందుకే మారాను.

ఆల్బమ్ మాస్టారు:
తమ్ముడూ, అది సెట్టింగ్‌లో ఉంది. ప్రిఫరెన్సెస్‌లో టైప్ విభాగానికి వెళ్లి మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ అన్నది ఎంచుకో. కొత్త వెర్షన్లలో వరల్డ్ రెడీ లేఅవుట్ అని ఉంటుంది. తర్వాత యూనికోడ్ ఫాంటుతో రాస్తే క్ష్మి, స్త్రీ అన్నీ సరిగ్గా వస్తాయి. శుభలేఖల పని మేము రోజూ చేస్తున్నాం.

గోదారిగట్టు:
అది చెప్పేవారెవరండీ? డబ్బు తీసుకునే సాఫ్ట్‌వేర్‌లో తెలుగు దానంతటదే సరిగ్గా రావాలి కదా. గింప్‌లో ఏ సెట్టింగూ లేకుండానే వస్తోంది.

చీకటిగది:
గింప్ అక్షరాలు పేర్చే పనిని హార్ఫ్‌బజ్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కు (కోడు అందరికీ తెరిచి ఉండేది) అప్పగిస్తుంది. భారతీయ లిపుల నియమాలన్నీ అందులోనే ఉన్నాయి.

నీలిపిట్ట:
అయ్యా, నాకు తెలుగు రాసే అవసరం లేదు. కొంగలు చాలు. దయచేసి విషయానికి రండి.

ఆల్బమ్ మాస్టారు:
వస్తున్నాను. కెనాన్ 2018లో సీఆర్3 అనే కొత్త రా ఫార్మాట్ తెచ్చింది. లైట్‌రూమ్‌లో కొద్ది కాలానికే తెరుచుకుంది. డార్క్‌టేబుల్‌కి అది ఎప్పుడు వచ్చింది? 2021 డిసెంబరులో, 3.8 వెర్షన్‌తో. కొత్త కెమెరా కొన్నవాడు అన్నేళ్లు కూర్చుని ఎదురుచూడాలా? చీకటిగది గారు ఈ సంగతి ఎందుకు చెప్పలేదు?

ఇంకొకటి. మా దగ్గర పనిచేసిన ఒక కుర్రాడు ఏదో ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఒక పెళ్లి ఫోటోలు దిద్దాడు. తెర మీద బాగానే ఉన్నాయి. ఆల్బమ్ ప్రింటై వచ్చాక పెళ్లికూతురి ముఖం పచ్చబడి ఉంది. ఆ తల్లిదండ్రులకు జవాబు చెప్పుకున్నది నేను.

చీకటిగది:
అది కలర్ ప్రొఫైలు తేడా. ఫైలులోని అంకెలను ఏ రంగులుగా చదవాలో చెప్పేది ప్రొఫైలు. అడోబీ ఆర్‌జీబీ, ఎస్ఆర్‌జీబీ అలాంటివి రెండు. అడోబీ ఆర్‌జీబీలో ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైలును ల్యాబ్‌వారు ఎస్ఆర్‌జీబీ అనుకుని ప్రింటు వేస్తే లైట్‌రూమ్‌లో దిద్దినవైనా రంగు చెడిపోతాయి. నేరం సాఫ్ట్‌వేర్‌ది కాదు, ఎక్స్‌పోర్ట్ చేసిన చేతిది.

ఆల్బమ్ మాస్టారు:
మా కుర్రాడికి పని రాదంటారా?

చీకటిగది:
ఆ అబ్బాయిని నేనేమీ అనలేదు. ఎక్స్‌పోర్ట్ సెట్టింగ్ గురించి మాట్లాడుతున్నాను. సీఆర్3 ఆలస్యమైన మాట నిజమే. ఆ ఫైళ్లను అడోబీ వారి ఉచిత డీఎన్‌జీ కన్వర్టర్‌తో డీఎన్‌జీ అనే ఇంకో రా ఫార్మాట్‌లోకి మార్చి చాలామంది డార్క్‌టేబుల్‌లోనే దిద్దుకున్నారు.

ఆల్బమ్ మాస్టారు:
అంటే చివరికి అడోబీ గుమ్మమే ఎక్కారన్నమాట.

వేయిస్తంభాలు:
ఇంత చర్చ దేనికి? లైట్‌రూమ్‌కి డబ్బు ఎవరు కడుతున్నారు? మా కాలేజీలో అందరి దగ్గరా క్రాక్ చేసిందే ఉంది. నీలిపిట్ట గారూ, కావాలంటే లింకు పంపిస్తాను.

ఆల్బమ్ మాస్టారు:
లింకు పంపవద్దు. 1957 కాపీరైట్ చట్టంలో 63బి సెక్షను చదువు. తెలిసి దొంగ కాపీ వాడితే కనీసం ఏడు రోజుల జైలు, 50 వేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా అని ఉంది.

చట్టం సంగతి అలా ఉంచు. నేను నెలనెలా చందా కడతాను. మా బజారులోనే ఇంకొకడు దొంగ కాపీతో స్టూడియో తెరిచి నా రేటులో సగానికి ఆల్బమ్ ఒప్పుకుంటున్నాడు. వాడికి ఖర్చు లేదు, నాకుంది. ఊరివాళ్ల ముందు ఎక్కువ డబ్బు గుంజేవాణ్ణి నేనయ్యాను. సాఫ్ట్‌వేర్‌కి డబ్బు దండగ అని ఇక్కడ ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండేది అందుకే. మా పనికి విలువ ఇవ్వనివారి నోటి నుంచి మొదట వచ్చేది ఆ మాటే. ఉచితం, ఉచితం అని చీకటిగది గారు ఊదరగొడుతున్నదీ అదే.

చీకటిగది:
మాస్టారూ, ఈ మాట నన్ను నిజంగా బాధపెట్టింది. పైకి వెళ్లి నా మొదటి జవాబు చూడండి. ఉచితం అన్న మాట అందులో ఎక్కడా లేదు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులకు ఏటా నాకు చేతనైనంత విరాళం ఇస్తాను. దొంగ కాపీ నా కంప్యూటర్‌లో ఒక్కటీ లేదు.

నా గొడవ డబ్బు కాదు. మా నాన్నగారి పాత నెగటివ్‌లన్నీ స్కాన్ చేసి, అప్పట్లో బాగా పేరున్న ఒక సాఫ్ట్‌వేర్‌లో పెట్టుకున్నాను. ప్రతి ముఖానికీ పేరు రాశాను. ఆ పేర్లు చెప్పింది మా నాయనమ్మ. ఈమె మా మేనత్త, ఈయన రేపల్లె మామయ్య అంటూ పక్కన కూర్చుని చెప్పింది. తర్వాత ఆ కంపెనీ దాన్ని ఆపేసింది. ఫోటోలు మిగిలాయి, పేర్లు దాని సొంత ఫైళ్లలో ఉండిపోయాయి. కొత్త కంప్యూటర్‌కి మారినప్పుడు పోయాయి. ఇప్పుడు అడగడానికి నాయనమ్మ లేదు. పెద్ద కంపెనీ కదా, ఎక్కడికీ పోదు అని ఎవరైనా అంటే నాకు గుర్తొచ్చేది అదే. ఆపిల్ చిన్న కంపెనీయా? తన ఫోటో సాఫ్ట్‌వేర్ అపర్చర్ వాడినవారికి 2014లో ఇక కొత్త వెర్షన్లు లేవని చెప్పేసింది.

మందారం:
నేను ఫోనులోనే ఫోటోలు తీస్తాను, ఈ వాదనలో నాకు జోక్యం లేదు. కానీ చీకటిగది గారూ, ఇది మొదటే చెప్పి ఉంటే బాగుండేది. సిగ్మాయిడ్ గురించి చదువుతుంటే మీరు పంతం కొద్దీ మాట్లాడుతున్నారనుకున్నాను.

వేయిస్తంభాలు:
లింకు మాట వెనక్కి తీసుకుంటున్నాను. స్టూడియోల సంగతి నాకు తెలియదు.

ఆల్బమ్ మాస్టారు:
చీకటిగది గారూ, మీ నాయనమ్మ గారి సంగతి చదివాను. అలాంటి నష్టానికి విలువ కట్టలేం.

అయినా ఒక ప్రశ్న అడుగుతాను. మీరు డార్క్‌టేబుల్‌లో దిద్దింది లైట్‌రూమ్‌లో తెరుచుకుంటుందా? లేదు. నేను లైట్‌రూమ్‌లో దిద్దింది మీ దాంట్లో అలాగే వస్తుందా? రాదు. మరి తాళం రెండు వైపులా ఉన్నట్టే కదా! పైగా మీ వైపు జీతం తీసుకునే మనిషి లేడు. సిగ్మాయిడ్ లాంటి పనే చేసే ఫిల్మిక్ మాడ్యూల్ రాసినాయన గొడవపడి, అన్సెల్ పేరుతో వేరు కుంపటి పెట్టుకున్నాడని మీవాళ్లే రాశారు. రేపు మిగిలినవారూ విసిగిపోతే?

చీకటిగది:
ఈ చర్చలో అసలు ప్రశ్న ఇదే. సూటిగా చెబుతాను.

ఆయన వెళ్లిపోయాక కూడా ఫిల్మిక్ డార్క్‌టేబుల్‌లోనే ఉంది. ఏటా జూన్‌లో ఒకటి, డిసెంబరులో ఒకటి కొత్త విడుదలలు వస్తూనే ఉన్నాయి. కోడు అందరిదీ కాబట్టే ఆయన దాన్ని తీసుకుని వేరుగా వెళ్లగలిగారు, కాబట్టే ఇక్కడివారూ కొనసాగించగలిగారు. పాత మాడ్యూళ్లను కొత్త ఫోటోలకు చూపించడం మానేస్తారు కానీ, వాటితో దిద్దిన పాత ఫోటో తెరిస్తే అవి ఇంకా పనిచేస్తాయి. ప్రతి ఫోటో పక్కనే ఒక చిన్న ఎక్స్ఎంపీ ఫైలు ఉంటుంది. చేసిన మార్పులు, రాసిన మాటలు, ఇచ్చిన నక్షత్రాలు అన్నీ అందులోనే. నోట్‌ప్యాడ్‌తో తెరిచినా రాసిన మాటలు చదువుకోవచ్చు.

మీ లైట్‌రూమ్ కూడా అలా రాయగలదు. కానీ ఆ సదుపాయం మొదట ఆఫ్‌లో ఉంటుంది, అంతా దాని సొంత కేటలాగ్ ఫైలులోకే పోతుంది. కేటలాగ్ సెట్టింగ్స్‌లో మెటాడేటా విభాగంలోకి వెళ్లి, మార్పులను ఎక్స్ఎంపీలోకి రాయమని టిక్కు పెట్టండి. ఇది మీరు వెంటనే చేయాలని నా కోరిక. లైట్‌రూమ్ వదలమని కాదు.

ఆల్బమ్ మాస్టారు:
టిక్కు పెడతాను. పెళ్లిళ్లవారు ఏళ్ల తర్వాత వచ్చి పాత ఫోటోలు అడుగుతుంటారు.

నాకు మాత్రం జీతం ఇచ్చే కంపెనీ మీదే నమ్మకం. పని ఆగితే ఫోను చేయడానికి ఒక మనిషి ఉండాలి. మీకేమో తలుపు తీసి ఉండాలి. ఇది ఈ రోజుతో తేలేది కాదు.

సర్కారు ఎక్స్‌ప్రెస్:
గింప్ 3.0లో ఫిల్టర్లు వేశాక కూడా మార్చుకోవచ్చు. 2025 మార్చిలో వచ్చింది. ఎవరూ పట్టించుకోవడం లేదు.

నీలిపిట్ట:
చీకటిగది గారు చెప్పినట్టు ఎక్స్‌పోజర్, సిగ్మాయిడ్ సవరించి చూశాను. రంగులు వచ్చాయి. రెక్క మీది గులాబీ రంగు లైట్‌రూమ్‌లో కంటే నాకు నచ్చింది. కానీ నాయిస్ తీసే మాడ్యూల్ వేసి పెద్దది చేసి చూస్తే లాప్‌టాప్ ఆగి ఆగి నడుస్తోంది.

చీకటిగది:
డీనాయిజ్ ప్రొఫైల్డ్ చివర్లో వేయండి, దిద్దుతున్నంతసేపూ ఆపి ఉంచండి. మీ కెమెరాకు ఒక్కో ఐఎస్ఓలో నాయిస్ ఎంత ఉంటుందో ముందే కొలిచి పెట్టిన లెక్క అది. చాలా వరకు మీరు ఏ స్లైడరూ ముట్టనక్కరలేదు.

ఆల్బమ్ మాస్టారు:
లైట్‌రూమ్ డీనాయిజ్‌కి ఇంతకంటే మంచి కంప్యూటర్ కావాలి, అది దాచను. గ్రాఫిక్స్ కార్డు లేకపోతే ఒక్కో ఫోటోకు నిమిషాలు పడుతుంది. అయినా ఫలితంలో దానిదే పైచేయి. నీలిపిట్ట గారూ, మీ రా ఫైలు ఒకటి నాకు పంపండి, నా కంప్యూటర్‌లో దిద్దుతాను. చీకటిగది గారినీ దిద్దమనండి. 12 బై 18 సైజులో రెండు ప్రింట్లు నా ఖర్చుతో వేయిస్తాను.

చీకటిగది:
సరే. ఇద్దరం ఎస్ఆర్‌జీబీలోనే ఎక్స్‌పోర్ట్ చేయాలి. ఎవరిది ఏదో ల్యాబ్‌కి చెప్పకూడదు. వారి తరఫున రంగు సవరణ గానీ, పదును పెంచడం గానీ వద్దని ఆర్డరులోనే రాయండి.

ఆల్బమ్ మాస్టారు:
పదును సంగతి ల్యాబ్‌కి వదిలేయాలి. వాళ్ల కాగితం వాళ్లకు తెలుసు.

చీకటిగది:
అలాగైతే నేను ఒప్పుకోను.