కల్పిత దేశంలో స్వతంత్ర క్రైస్తవ శాఖలను నమ్మదగినట్లు చిత్రించడం ఎలా?

ప్రశ్న: నా నవలలోని ఊహాదేశంలో, విదేశీ మిషన్ల నుంచి విడివడిన చిన్న క్రైస్తవ సంఘాలను చూపాలనుకుంటున్నాను. వాటికి మూలంగా దేన్ని తీసుకోవాలో పెద్దలు చెప్పగలరు.

జవాబు 1: సిద్ధాంతం కంటే ముందు స్థాపకుని అనుభవాన్ని నిర్ణయించుకోండి. లూథరన్ సంఘంలో పనిచేసిన ముంగమూరి దేవదాసు అయ్యగారు, ‘బైబిలు మిషను’ అన్న పేరు దేవుడే తనకు బయలుపరిచాడని చెప్పి, 1938లో ఆ సంఘాన్ని ఆరంభించారు. దైవసన్నిధిలో మౌనంగా కనిపెట్టడం, అంటే దేవుని కోసం ఎదురుచూడడం, నేటికీ అక్కడి సాధనలో ముఖ్యభాగం.

జవాబు 2: సంఘం లేని భక్తిని కూడా మరువకండి. మునిపల్లెకు చెందిన కలగర సుబ్బారావు గారు క్రీస్తు దర్శనం పొందానని చెబుతూనే బాప్తిస్మాన్ని నిరాకరించారు. నా దృష్టిలో మీ నవలకు అత్యంత బలమైన సంఘర్షణ ఇదే.

జవాబు 3: ఆరాధన తీరును దగ్గరగా చూపండి. సువార్తికుడు భక్తసింగ్ గారు నెలకొల్పిన స్వతంత్ర సహవాసాల్లో (సంఘాల్లో) విశ్వాసులు నేలపై చాపలు పరచుకుని కూర్చునేవారు, ఆరాధన ముగిశాక కలిసి ప్రేమవిందు ఆరగించేవారు. స్థాపకుని తరువాత పెత్తనం ఎవరిదన్నది మీరు ముందే తేల్చుకోవాలి.