కార్డు బాకీ, ఊళ్లో నోటు, చదువు లోను: ముందు ఏది తీర్చాలి?

అర్వింగ్ తమ్ముడు:

అందరికీ నమస్తే. ఇక్కడ అమెరికాలో డిసెంబర్‌లో మాస్టర్స్ అయిపోయింది, జనవరి నుంచి ఓపీటీ (చదువయ్యాక స్టూడెంట్ వీసా మీదే పనిచేసుకునే అనుమతి) మీద ఉద్యోగం. జీతం ఏడాదికి 78,000 డాలర్లు. రెండు వారాలకోసారి, మా ఇద్దరి ఇన్సూరెన్స్ పోగా, చేతికి 2,380 వస్తోంది. మా ఆవిడ ఎఫ్‌టూ (స్టూడెంట్ భార్యకిచ్చే వీసా) మీద వచ్చి రెండు నెలలైంది, తను ఉద్యోగం చేయడానికి లేదు.

నెల ఖర్చులు ఇవీ: రెంట్ 1,380, కరెంటు 140, ఇంటర్నెట్టూ ఫోన్లూ కలిపి 120, పాత కారు ఈఎమ్ఐ 340, దాని ఇన్సూరెన్స్ 190, కారు పెట్రోలు 110, సరుకులు 450. ఇక అప్పులు. క్రెడిట్ కార్డు మీద 3,400, వడ్డీ 27.99 శాతం. చదువు లోను ఇప్పటిదాకా వడ్డీ కలుపుకుని 38 లక్షలు, 11.25 శాతం ఫ్లోటింగ్ (మారుతూ ఉండే) వడ్డీ, ఈఎమ్ఐ జూలైలో మొదలు. ఇది కాక నేను వచ్చేటప్పుడు నాన్న ఊళ్లో నోటు రాసి తెచ్చిన 5 లక్షలు, రెండు రూపాయల వడ్డీ. ఆ వడ్డీ నాన్నే కడుతున్నాడు.

బ్యాంకు లోను తలుచుకుంటే నాన్నకు నిద్ర పట్టట్లేదట. అందుకని ఈఎమ్ఐ మొదలవకముందే నెలకు 1,500 డాలర్లు లోనుకు పంపిస్తున్నా. ఇంత చేసినా నెలాఖరుకు ఖాతాలో వంద కూడా ఉండట్లేదు, కార్డు బాకీ పెరుగుతోంది. ఎక్కడ తప్పుతున్నానో చెప్పండి.

ప్లేనో అక్క:

తమ్ముడూ, అంకెలు దాచకుండా రాసినందుకు ముందు నీకు మార్కులు వేయాలి. ఇక్కడ సగం మంది "ఖర్చులెక్కువ, ఏం చేయాలి" అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటారు.

నువ్వు రాసిన ఖర్చులన్నీ కూడితే 2,730. రెండు పేచెక్‌లు కలిపి 4,760. లోనుకు పంపే 1,500 తీసేసినా 530 మిగలాలి. మిగలట్లేదంటే నీ లిస్టులోకి ఎక్కని ఖర్చు 530 ఉందన్నమాట. కార్డుకు నెలనెలా ఏదో కొంత కడుతూనే ఉంటావుగా, అది రాయలేదు. తను కొత్తగా వచ్చింది కాబట్టి మంచం, గిన్నెలు, జాకెట్లు, వీకెండ్ అలా బయటికి వెళ్లినవి, అవీ రాయలేదు. అవి తప్పని నేననను. కొత్త కాపురం, అలాగే ఉంటుంది. కానీ లెక్కలో మాత్రం ఉండాలి.

అసలు సంగతి వేరే. నువ్వు కార్డు గీకి లోను కడుతున్నావు. 1,500 అటు పంపేసి, ఇక్కడ సరుకులకు తగ్గితే కార్డు తీస్తున్నావు. పదకొండు శాతం అప్పు తీర్చడానికి ఇరవై ఎనిమిది శాతానికి తెస్తున్నట్టు. 3,400 మీద నెలకు 79 డాలర్లు ఉత్త వడ్డీకే పోతున్నాయి.

ఇంకోటి చాలామందికి తెలియదు. స్టేట్‌మెంట్‌లో ఉన్నదంతా కట్టేసేవాళ్లకే డ్యూ డేట్ దాకా వడ్డీ ఉండదు, ఆ గడువు కనీసం 21 రోజులు. పాత బాకీ నిలిచి ఉంటే ఆ గడువు పోయినట్టే, ఈరోజు కొన్న పాల డబ్బాకు ఈరోజు నుంచే వడ్డీ. అందుకని ఆ కార్డు పర్సులోంచి తీసి సూట్‌కేసులో పడెయ్. బాకీ సున్నా అయ్యేదాకా డెబిట్ కార్డుతోనే కొను.

నా సంగతి చెప్తే నవ్వుతావు. వచ్చిన మొదటి ఏడాది ఆటోపే పెట్టి నిశ్చింతగా ఉన్నా. ఆటోపే పేజీలో మూడు గుండ్రాలుంటాయి: మినిమమ్, స్టేట్‌మెంట్ బ్యాలెన్స్, నువ్వే వేసుకునే మొత్తం. నేను మొదటిదాని మీద నొక్కా. ఎనిమిది నెలలపాటు నెలకు 35 డాలర్లు కట్టి, బిల్లు కట్టేస్తున్నానన్న భ్రమలో ఉన్నా. మా ఆయన ఒకరోజు స్టేట్‌మెంట్ తెరిచి, "ఇదేంటి, మనం ఈ కారు ఎప్పుడు కొన్నాం?" అన్నారు. ఇప్పుడే వెళ్లి నీ ఆటోపే చూసుకో.

నా మాట ఇదీ. చదువు లోనుకు 1,500 పంపడం ఈ నెల నుంచే ఆపెయ్. మూడు నెలల్లోపు కార్డు తీరిపోతుంది. తర్వాత ఊళ్లో నోటు. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24, అది కార్డుకు తమ్ముడే. మూడోది చదువు లోను. నాన్నకు నిద్ర పట్టట్లేదంటే ఫోన్ చేసి ఈ లెక్క చెప్పు, డబ్బు పంపి నిద్రపుచ్చకు.

ఎడిసన్ అన్న:

అక్క లెక్క కరెక్టే, వరస మాత్రం నేను మారుస్తా. 28కీ 24కీ తేడా పెద్దదేం కాదు. కార్డువాడు మెయిల్ పంపుతాడు, ఊళ్లోవాడు ఇంటి గడపలోకి వస్తాడు. ఆ ఎదురుగా నిలబడేది నాన్న, నువ్వు కాదు.

తమ్ముడూ, ఒకటి అడుగుతా, నాన్నను కనుక్కుని చెప్పు. ఆ నోటు ఏ తేదీన రాశారు? 2023లో నువ్వు ఫ్లైట్ ఎక్కేముందు రాసి ఉంటే ఈ వేసవికి మూడేళ్లు నిండుతాయి. ప్రామిసరీ నోటు మీద కోర్టుకెళ్లే గడువు మూడేళ్లు. అది దాటకముందే అప్పిచ్చినవాడు నోటు తిరగరాయమంటాడు. వడ్డీ ఎక్కడైనా నిలిచిపోయి ఉంటే అది అసల్లో కలిసిపోతుంది, కొత్త నోటు పెద్ద మొత్తానికి రాస్తారు. మా ఇంట్లో అలాగే లక్షన్నర నోటు రెండుసార్లు తిరగరాసేసరికి మూడు లక్షలు దాటింది, ఎవరూ కొత్తగా రూపాయి తెచ్చింది లేదు.

ఇక ఇక్కడివి. ఓపీటీ మీద ఉద్యోగం లేకుండా నువ్వు ఉండగలిగేది మొత్తం 90 రోజులు, అంతకుముందు ఖాళీగా ఉన్న రోజులు కూడా అందులోంచే పోతాయి. ఇద్దరు మనుషులు, ఒక్క జీతం. కాబట్టి అప్పుల వేటలో పడి ఖాతా ఖాళీ చేయకు. కనీసం మూడు నెలల రెంటూ సరుకులూ ముట్టుకోకుండా ఉండాలి. ఒకేసారి కాదులే, మెల్లగా.

పేస్టబ్ (జీతం చీటీ) ఒకసారి తెరిచి చూడు. సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ అని ఇక్కడి పింఛను, వైద్యం పన్నుల కోత పడుతోందా? ఎఫ్‌వన్ (స్టూడెంట్ వీసా) మీద మొదటి అయిదు క్యాలెండర్ సంవత్సరాలు అవి కట్టక్కర్లేదు. కోస్తుంటే పేరోల్‌వాళ్లకు రాసి వెనక్కి తీసుకో, వాళ్లు కదలకపోతే పన్నుల శాఖ ఐఆర్ఎస్‌కు పెట్టే ఫామ్ 843 ఉంది. కోయట్లేదంటే దానికీ ఒక లెక్కుంది: వీసా లాటరీలో పేరొచ్చి అక్టోబర్‌లో హెచ్‌వన్ ఉద్యోగ వీసాకు మారిన రోజు నుంచి 7.65 శాతం పోతుంది. జీతం అదే, చేతికొచ్చేది నెలకు నాలుగొందల పైచిలుకు తగ్గుతుంది. జూలైలో ఈఎమ్ఐ, అక్టోబర్‌లో ఈ కోత. చాలామంది పిల్లలు బోర్లా పడేది ఈ రెండిటి మధ్యే.

ప్లేనో అక్క:

అన్న చెప్పిన నోటు సంగతి నాకు తట్టలేదు, అది ముందు కనుక్కో.

ఈఎమ్ఐ గురించి ఒక్క మాట. 38 లక్షలు పదేళ్లకు వేసుకుంటే నెలకు 53 వేలకు కాస్త తక్కువ, ఆరొందల డాలర్లకు అటూ ఇటూ. ఇప్పటి నుంచే ఈఎమ్ఐ మొదలైపోయిందనుకుని నెలకు ఆరొందలు వేరే సేవింగ్స్ ఖాతాలో వేసుకో. అన్న చెప్పిన మూడు నెలల డబ్బులో ఒక వంతు అదే అవుతుంది, అవి లేకుండా బతకడం కూడా అలవాటవుతుంది.

రెండు వారాలకోసారి జీతం కదా, ఏడాదికి 26 పేచెక్‌లు. రెండు నెలల్లో మూడేసి పడతాయి. క్యాలెండర్‌లో ఆ రెండు శుక్రవారాలకు ఇప్పుడే సున్నా చుట్టి పెట్టుకో. మా ఇంట్లో ఆ మూడో చెక్కుకు "అప్పులవాడి చెక్కు" అనే పేరు. రెంట్ మిగతా రెండిట్లోంచి ఎలాగూ పోతుంది, ఇది పడ్డ సాయంత్రమే అప్పుకు కట్టేస్తాం. రాత్రి ఆగితే టీవీ అయిపోతుంది.

అర్వింగ్ తమ్ముడు:

అన్నా, అక్కా, నాన్నతో మాట్లాడాను. నోటు 2023 జూలైలో రాసింది. ఇంకో సంగతి బయటపడింది. ఎనిమిది నెలలుగా నాన్న వడ్డీ కట్టట్లేదు. పోయిన పంట దెబ్బతిన్నదట, నాకు చెబితే చదువు మీద ధ్యాస పోతుందని దాచాడు. నెలకు 10,000 చొప్పున 80,000 అయింది. జూలైలో 5 లక్షల 80 వేలకు కొత్త నోటు రాయమని అప్పిచ్చినాయన ఇప్పటికే చెప్పి వెళ్లాడట. నేను ఇక్కడి నుంచి బ్యాంకుకు 1,500 పంపుతుంటే అక్కడ ఇలా అయింది.

పేస్టబ్‌లో ఆ కోతలు లేవు. ఆటోపే మాత్రం అక్క చెప్పినట్టే మినిమమ్ మీద ఉంది.

ప్లేనో అక్క:

అయితే నా వరస వెనక్కి తీసుకుంటున్నా. ఈ నెల లోనుకు పంపబోయే 1,500లోంచి ముందు ఆ 80,000 పంపు, తొమ్మిది వందల డాలర్ల లోపే. నిలిచిన వడ్డీ తీరిపోతే జూలైలో తిరగరాసినా 5 లక్షలకే రాస్తారు, పైసా ఎక్కువ కాదు. మిగిలిన ఆరొందలు కార్డుకు. వచ్చే నెల నుంచి నోటు వడ్డీ 10,000 నువ్వే పంపు, నాన్న మీద వదలకు. కార్డు తీరాక మొత్తం బలం నోటు అసలు మీద పెట్టు. 5 లక్షలు నువ్వనుకున్నంత కొండేం కాదు, ఈ ఏడాదిలోనే తీరుతుంది.

నాన్నను మాత్రం కోప్పడకు. మా నాన్న కూడా దాచాడు.

ఎడిసన్ అన్న:

డబ్బు నాన్న చేతికి నగదుగా ఇప్పించకు. అప్పిచ్చినవాడి ఖాతాకే బ్యాంకు నుంచి పంపించమను, రికార్డు ఉంటుంది. నోటు అతని దగ్గరే ఉంటుంది కాబట్టి కట్టిన ప్రతిసారీ నోటు వెనక ఎంత కట్టారో చెల్లు రాయించి, ముందూ వెనకా ఫోటో తీసి నీకు పంపమను. ఆఖరి రూపాయి కట్టిన రోజు అసలు నోటు చేతికి తీసుకోవాలి, "తర్వాత చింపేస్తాలే" అంటే ఒప్పుకోవద్దు.

ఇక్కడి నుంచి పంపేటప్పుడు మీ బ్యాంకు ఖాతాలోంచే పంపు. 2026 జనవరి నుంచి నగదు, మనీ ఆర్డర్ ఇచ్చి పంపితే ఒక శాతం పన్ను వేస్తున్నారు, ఖాతాలోంచి వెళ్లేదానికి లేదు.

చదువు లోను సంగతి తర్వాత చూద్దువు. నీది ఫ్లోటింగ్ రేటు కాబట్టి ముందే కట్టినా పెనాల్టీ వేయకూడదని ఆర్‌బీఐ నియమం. ఎక్కువ కట్టిన రోజు మాత్రం, ఈఎమ్ఐ తగ్గించొద్దు, నెలలు తగ్గించండి అని మెయిల్ రాయి. రాయకపోతే వాళ్లకు ఏది వీలైతే అది చేస్తారు. ఆఫీసులో 401కే (రిటైర్మెంట్ పొదుపు) మీద మ్యాచ్, అంటే నువ్వు వేసేదానికి వాళ్లూ కలిపే డబ్బు, ఇస్తుంటే ఆ మ్యాచ్ వరకు మాత్రం వదలకు.

అర్వింగ్ తమ్ముడు:

80,000 పంపేశాం. కార్డు సూట్‌కేసులో ఉంది, సూట్‌కేసు మా ఆవిడ మంచం కింద ఉంది. నాన్న నోటు ఫోటో పంపాడు, పెడుతున్నా. పేర్లు తుడిచేశాను. సరిగ్గా ఉందా?

ఎడిసన్ అన్న:

చూశాను. మొత్తం అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాశారు, బాగుంది. ఎన్ని నెలల వడ్డీ అన్నదీ ఉంది. తేదీ వేయలేదు. నాన్నగారిని ఇంకోసారి వెళ్లి రమ్మను.