ఆఫీసు చాట్‌లో రాజకీయం రాసినందుకు తమ్ముడికి హెచ్‌ఆర్ మెయిల్, ఏం రిప్లై ఇవ్వాలండి?

అందరికీ నమస్కారమండి, మాది అంబాజీపేట దగ్గర. మా తమ్ముడు ఒక పెద్ద టెక్ కంపెనీలో చేస్తాడు, ఆఫీసు హైదరాబాద్, వర్క్ ఫ్రమ్ హోమ్ కాబట్టి ఇంటి దగ్గరే ఉంటాడు. మొన్న వాళ్ల లోపలి చాట్‌లో ఎన్నికల మీద వాదన నడిచిందంట, పది మంది ఒకవైపు రాస్తే వీడు రెండోవైపు నాలుగు లైన్లు రాశాడు, తిట్టలేదు, ఎవర్నీ పేరు పెట్టి అనలేదు, నేనూ చదివాను. వీడికొక్కడికే కంపెనీ కోడ్ ఆఫ్ కండక్ట్ (ఉద్యోగుల ప్రవర్తనా నియమాలు) తప్పావని మెయిల్ వచ్చింది, శుక్రవారంలోగా సంజాయిషీ ఇవ్వాలంట. అప్పుడు అరుగు మీద కూర్చుని టీ తాగుతున్నాడండి, ఆ గ్లాసు అలాగే చల్లారిపోయింది, రాత్రి అన్నం కూడా ముట్టలేదు.

మన రాజ్యాంగంలో మాట్లాడే స్వేచ్ఛ ఇచ్చే ఆర్టికల్ 19 ప్రభుత్వం మన నోరు నొక్కకుండా కాపాడుతుంది గానీ ప్రైవేటు కంపెనీ మీద మామూలుగా పనిచేయదని చదివాను, అమెరికా రాజ్యాంగంలో అలాంటిదే అయిన ఫస్ట్ అమెండ్‌మెంట్ కూడా అంతేనంట. 2017లో గూగుల్‌లో జేమ్స్ డామోర్ అనే ఇంజనీరు లోపల ఒక మెమో రాస్తే తీసేశారు, 2024లో ఇజ్రాయెల్ కాంట్రాక్టు వద్దని ఆఫీసులో బైఠాయించిన వాళ్లనీ తీసేశారు. వీడిది ఆ కంపెనీ కాదు గానీ భయం మాత్రం అదే. కాలిఫోర్నియాలో ఉద్యోగి రాజకీయాల్ని యజమాని శాసించకూడదని లేబర్ చట్టం ఉంది, మన దగ్గర అలాంటిదేమైనా ఉందా?

సారీ చెప్పేస్తే తప్పు ఒప్పుకున్నట్టేనా? మిగతా వాళ్ల మెసేజ్‌లు హెచ్‌ఆర్‌కి చూపించి నాకొక్కడికే ఎందుకు అని అడగొచ్చా, లేక ఇంకా ముదురుతుందా? ఇలాంటిది దాటొచ్చిన వాళ్లు, లేబర్ కేసులు చూసే లాయర్లు ఎవరైనా ఉంటే చెప్పండి, శుక్రవారం ఇంక రెండు రోజులే ఉంది.